పిల్లవాడికి 11:15 లోంచి 9:40 తీసేస్తే 1 గంట 75 నిమిషాలు వస్తోంది: కాలం లెక్కలు ఎలా నేర్పాలి?

#1 నాలుగో_తరగతి_అమ్మ

అందరికీ నమస్కారం. మా అబ్బాయి నాలుగో తరగతి. కూడికలు, తీసివేతలు బాగానే చేస్తాడు. ఎక్కాలు కూడా వచ్చు. కాలం పాఠం మొదలయ్యాక మాత్రం వరసగా తప్పులే. ఇంటిపనిలో వచ్చిన రెండు తప్పులు ఇక్కడ పెడుతున్నాను.

మొదటిది: బొమ్మలోని గడియారం 4:50 చూపిస్తోంది. వాడు 5:50 అని రాశాడు. 4:10 ఇచ్చినప్పుడు మాత్రం సరిగ్గా చెబుతాడు.

రెండోది: "ఒక బస్సు ఉదయం 9:40కి బయలుదేరి 11:15కి చేరింది. ప్రయాణానికి ఎంతసేపు పట్టింది?" జవాబు 1 గంట 75 నిమిషాలు అని రాశాడు. తప్పంటే ఒప్పుకోడు. 1115 లోంచి 940 తీసి చూపించాడు, 175 వచ్చింది. తీసివేతలో తప్పేమీ లేదు మరి! ఏం చెప్పాలో నాకు తోచలేదు.

ముందు దేన్ని సరిచేయాలి? ఈ పాఠంలోనే 24 గంటల పద్ధతి, క్యాలెండర్ లెక్కలు కూడా ఉన్నాయి. అన్నీ ఒకేసారి మీద పడ్డట్టుంది.

#2 విశ్రాంత_మాస్టారు

అమ్మా, కంగారు పడవలసిన పని లేదు. గంటలు ఒక గడిలో, నిమిషాలు ఒక గడిలో, మధ్యలో నిలువు గీత. 15 లోంచి 40 పోదు కాబట్టి గంటల గడి నుంచి ఒక గంట అప్పు తెచ్చుకోవాలి. వచ్చేది 100 కాదు, 60. 11:15 కాస్తా 10:75 అవుతుంది. 75 లోంచి 40 పోతే 35, 10 లోంచి 9 పోతే 1. జవాబు 1 గంట 35 నిమిషాలు. ఇలాంటివి రోజుకు పది లెక్కలు చేయించండి, వారంలో దారికి వస్తాడు.

#3 తరగతిగది

ప్రాథమిక పాఠశాలలో మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెబుతాను. మాస్టారు గారి పద్ధతి సరైనదే. అయితే ఈ అబ్బాయివి రెండు వేరు వేరు ఇబ్బందులు. ఒకే మందు పనిచేయదు.

ముందు 4:50 సంగతి. చాలా పుస్తకాలు "పెద్ద ముల్లు నిమిషాలు, చిన్న ముల్లు గంటలు" అని చెప్పి ముందుకు వెళ్లిపోతాయి. పిల్లల చూపంతా పెద్ద ముల్లు మీదే ఉంటుంది, ఐదో ఎక్కం వాడేది అక్కడే కదా. చిన్న ముల్లు దగ్గరికి వచ్చేసరికి "ఏ అంకెకు దగ్గరగా ఉంది" అని చూసి రాసేస్తారు. 4:10కి ఆ ముల్లు నాలుగుకు దగ్గర, అందుకే జవాబు కుదిరింది. 4:50కి ఐదును దాదాపు తాకుతుంటుంది, అందుకే 5:50 వచ్చింది. వాడు రెండుసార్లూ ఒకే నియమం పాటించాడు, ఒకసారి అది పనికొచ్చింది.

నేను తరగతిలో చేసేది చెబుతాను. మొదటి కొన్ని రోజులు పెద్ద ముల్లు లేని గడియారం బొమ్మలే ఇస్తాను. ఒక్క చిన్న ముల్లు. అది నాలుగు దాటి కొంచెం వచ్చింది, సగంలో ఉంది, ఐదుకు చేరబోతోంది. ప్రతి బొమ్మకీ అడిగేది ఒకే ప్రశ్న: "ఐదు అయిందా, ఇంకా కాలేదా?" కాలేదు అంటే అది నాలుగో గంట తాలూకు సమయమే, ముల్లు ఐదుకు ఎంత దగ్గరగా ఉన్నా సరే. ఒక్క ముల్లుతోనే "నాలుగున్నర దాటింది", "ఐదు కావస్తోంది" అని పిల్లలు చెప్పగలుగుతారు. అప్పుడు పెద్ద ముల్లు తిరిగి పెడితే అది మరింత కచ్చితంగా చెప్పే పరికరం అవుతుంది.

ఇంకో మాట. అట్టముక్కతో చేసిన గడియారాల్లో రెండు ముళ్లూ దేనికది విడిగా తిరుగుతాయి. పిల్లలు మూడున్నర పెట్టమంటే చిన్న ముల్లును సరిగ్గా మూడు మీద, పెద్ద ముల్లును ఆరు మీద పెడతారు. ఏ నిజమైన గడియారమూ అలా చూపించదు. ఇంట్లో పాత గోడ గడియారం ఉంటే బ్యాటరీ తీసేసి, వెనక ఉన్న చక్రం తిప్పమని అబ్బాయికి ఇవ్వండి. పెద్ద ముల్లు ఒక చుట్టు తిరిగేలోపు చిన్న ముల్లు ఒక అంకె నుంచి పక్క అంకెకు మెల్లగా జరగడం వాడే చూస్తాడు. నేను అరగంట మాట్లాడినా అంత పని కాదు.

రెండో సంగతి రాత్రికి రాస్తాను.

#4 కోణమాని

తరగతిగది గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. చిన్న ముల్లు గంటకు 30 డిగ్రీలు, అంటే నిమిషానికి అర డిగ్రీ తిరుగుతుంది. పెద్ద ముల్లు నిమిషానికి 6 డిగ్రీలు. 4:50కి చిన్న ముల్లు పన్నెండు నుంచి 145 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఐదు అంకె ఉన్నది 150 దగ్గర. తేడా 5 డిగ్రీలే! పిల్లవాడికి ఐదులా కనిపించడంలో వింతేముంది?

మూడున్నరకు రెండు ముళ్ల మధ్య కోణం ఎంత అని పెద్దవాళ్లని అడిగి చూడండి. చాలామంది 90 అంటారు. 75.

#5 విశ్రాంత_మాస్టారు

కోణాలు ఆరో తరగతి తర్వాత చూసుకోవచ్చు బాబూ. నాలుగో తరగతి పిల్లవాడి తల్లి అడిగినదానికి జవాబు చెప్పండి.

#6 కోణమాని

చిత్తం మాస్టారూ. కోణం ఆమె కోసమే. పిల్లవాడు నిర్లక్ష్యంగా చూడలేదని, నిజంగానే అయిదు డిగ్రీల తేడాతో తడబడ్డాడని తెలియాలని రాశాను.

#7 తరగతిగది

రెండో సంగతికి వస్తున్నాను. 1 గంట 75 నిమిషాలు.

మాస్టారు గారు అన్నట్టు ఇది 60 బదులు 100 అప్పు తెచ్చుకున్న తప్పు. దీనికో గుర్తు ఉంది. ఇలా తప్పినప్పుడు నిమిషాలు ప్రతిసారీ సరిగ్గా 40 ఎక్కువ వస్తాయి. 35 రావలసిన చోట 75. దిద్దేటప్పుడు జవాబుకూ పిల్లవాడు రాసినదానికీ తేడా 40 అని కనిపిస్తే, తీసివేత రాక తప్పు చేశాడని అనుకోనక్కరలేదు. తీసివేత వచ్చు కాబట్టే ఆ తప్పు వచ్చింది. పదుల లెక్కలో మూడేళ్లుగా నేర్చుకున్నదాన్ని ఇక్కడా వాడాడు.

ఇలాంటి పిల్లవాడికి ముందు నిలువు తీసివేత చూపించను. ఒక గీత గీయమంటాను. కొలతలేమీ వద్దు, ఉత్త గీత. ఎడమ చివర 9:40, కుడి చివర 11:15. ఇప్పుడు దూకుళ్లు. 9:40 నుంచి పది గంటలకు 20 నిమిషాలు. పది నుంచి పదకొండుకు 1 గంట. పదకొండు నుంచి 11:15కి 15 నిమిషాలు. మొత్తం 1 గంట 35 నిమిషాలు. ఇందులో అప్పు లేదు, 60 పొరపాటున 100 అయ్యే చోటు కూడా లేదు. గంట నిండే చోట ఆగాలి అన్న ఒక్క నియమం చాలు.

లెక్క మొదలుపెట్టకముందే ఇంకో ప్రశ్న అడగండి: "రెండు గంటల కంటే ఎక్కువా, తక్కువా?" 9:40 నుంచి రెండు గంటలు లెక్కేస్తే 11:40. బస్సు అంతకు ముందే చేరింది కాబట్టి రెండు గంటల లోపే. 1 గంట 75 నిమిషాలు అంటే 2 గంటల 15 నిమిషాలు. కుదరదు! తన జవాబు ఎందుకు తప్పో పిల్లవాడు తనకు తానే చెప్పుకోగలగాలి. మీరు చెబితే ఒప్పుకోలేదు కదా, గడియారం చెబితే ఒప్పుకుంటాడు.

#8 విశ్రాంత_మాస్టారు

గీతలు, దూకుళ్లు బాగానే ఉన్నాయి కానీ పరీక్షలో సోపానాలకు మార్కులుంటాయి. పై తరగతుల్లో గంటలు, నిమిషాలు, సెకన్లు మూడూ కలిసి వస్తాయి. 3 గంటల 12 నిమిషాల 20 సెకన్ల లోంచి 1 గంట 45 నిమిషాల 50 సెకన్లు తీయమంటే ఎన్ని దూకుళ్లు దూకిస్తారు? నిలువు పద్ధతి ఒకసారి వస్తే జన్మంతా ఉంటుంది.

#9 తరగతిగది

మాస్టారూ, ఆ లెక్కకు నేనూ నిలువు పద్ధతే వాడతాను. తేడా ఎక్కడంటే, మీరిచ్చినవి రెండూ వ్యవధులు. "ఇంతసేపు" లోంచి "అంతసేపు" తీస్తున్నాం. బస్సు లెక్కలో ఇచ్చినవి రెండూ గడియార సమయాలు. రోడ్డు పక్కన మైలురాళ్ల లాంటివి అవి. రెండు రాళ్ల మధ్య దూరం అడగవచ్చు, ఒక రాయిని ఇంకో రాయితో కూడలేం. ఉదయం 9 గంటలకు, 11 గంటలకు రెండూ కలిపితే ఏమిటి? ఏమీ కాదు. రెండు గంటల సేపు, మూడు గంటల సేపు కలిపితే మాత్రం అయిదు గంటల సేపు.

ఈ తేడా తెలియని పిల్లలు పద్ధతి ఏదైనా తప్పుతారు. "సినిమా 2:45కి మొదలైంది, 1 గంట 50 నిమిషాలు ఆడింది, ఎప్పుడు ముగిసింది?" అంటే కూడాలో తీసివేయాలో తెలియక రెండు అంకెలూ చూసి ఏదో ఒకటి చేసేస్తారు. నేను మూడు గళ్లు గీయిస్తాను: మొదలు, ఎంతసేపు, ముగింపు. ఇచ్చినవి రెండు గళ్లలో వేయాలి, ఖాళీగా మిగిలింది కనుక్కోవాలి. ఇక్కడ మొదలు 2:45, ఎంతసేపు 1:50, ముగింపు ఖాళీ. 2:45కి ఒక గంట కలిపితే 3:45, పావుగంట కలిపితే 4:00, మిగిలిన 35 నిమిషాలతో 4:35.

#10 ఇద్దరు_పిల్లల_నాన్న

మూడు గళ్ల పద్ధతి బాగుంది. మా అమ్మాయికి ఖాళీ గడి "మొదలు" అయితేనే కష్టం. వెనక్కి లెక్కపెట్టాలి కదా. "10:10కి పోటీ మొదలవుతుంది. వెళ్లడానికి 35 నిమిషాలు, తయారవడానికి 50 నిమిషాలు. ఎన్నింటికి లేవాలి?" ఇది ఇస్తే 11:35 అని రాసింది. అంటే పోటీ మొదలయ్యాక గంటన్నరకు లేస్తుంది!

#11 తరగతిగది

:) జవాబును కథలోకి తిరిగి పెట్టి చదవమనండి, తానే నవ్వుతుంది.

వెనక్కి వెళ్లే లెక్కలకు గీతే నయం. కుడి చివర 10:10 పెట్టి ఎడమకు దూకాలి. 35, 50 కలిపితే 85 నిమిషాలు, అంటే 1 గంట 25 నిమిషాలు. 10:10 నుంచి గంట వెనక్కి 9:10. అక్కడి నుంచి 10 నిమిషాలు వెనక్కి 9:00. మిగిలిన 15 వెనక్కి 8:45. మొదట గంటలు దూకి, తర్వాత నిండు గంట దగ్గర ఆగి, అప్పుడు మిగిలింది.

#12 పదాల_పట్టి

లెక్కల మనిషిని కాను, తెలుగు చెబుతాను. అయినా తరగతిగది గారు చెప్పిన సమయం, వ్యవధి తేడా విన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేకపోతున్నాను. తెలుగులో రాసిన లెక్కల్లో ఈ తేడా కొన్నిసార్లు అసలు కనిపించదు.

"మూడు గంటలకు వచ్చాడు" అంటే గడియార సమయం. "మూడు గంటల సేపు ఉన్నాడు" అంటే వ్యవధి. ఇంతవరకు బాగానే ఉంది. "మూడు గంటల తర్వాత వచ్చాడు" అన్నప్పుడు? మూడు కొట్టిన తర్వాతా, లేక ఇప్పటి నుంచి మూడు గంటలు గడిచాకా? "రెండు గంటల నుంచి ఎదురుచూస్తున్నాను" అన్నా అదే తంటా. పెద్దవాళ్లం సందర్భాన్ని బట్టి గ్రహిస్తాం. పరీక్ష కాగితం మీద పిల్లవాడికి సందర్భం ఉండదు. ఒక వర్క్‌షీటులో "బడి నాలుగు గంటల తర్వాత వదులుతారు" అని చూశాను. పిల్లలు సగం మంది ఒకలా, సగం మంది ఇంకోలా చేసి ఉంటారు, ఇద్దరూ సరైనవాళ్లే.

కాబట్టి ఇంట్లో లెక్కలు తయారుచేసేవాళ్లు "సాయంత్రం 4 గంటలు దాటాక", "4 గంటలు గడిచాక" అని విడమరిచి రాయండి. పిల్లలతో ప్రశ్న చదివించేటప్పుడు ప్రతి అంకె కింద "ఎప్పుడు" అనో "ఎంతసేపు" అనో చిన్నగా రాయమనండి. కూడాలా, తీసివేయాలా అన్న అయోమయం సగం అక్కడే పోతుంది.

#13 విశ్రాంత_మాస్టారు

ఇది నాకు నచ్చింది. ప్రశ్నాపత్రాలు తయారుచేసేవాళ్లు చదవవలసిన మాట.

#14 నాలుగో_తరగతి_అమ్మ

అందరికీ ధన్యవాదాలు. పాత గడియారం ఇచ్చాను, ఇప్పుడు దాన్ని వదలడం లేదు. "ఐదు అయిందా, కాలేదా" అన్న ప్రశ్నకు గబగబా జవాబులు చెబుతున్నాడు. గీత మీద దూకుళ్లు కూడా వస్తున్నాయి.

ఇంకో సందేహం. "పావు తక్కువ ఐదు", "ఐదు కావడానికి పది నిమిషాలు" అని మేము ఇంట్లో అంటుంటాం. బడిలో "నాలుగు గంటల నలభై ఐదు నిమిషాలు" అంటారు. రెండూ కలిపి చెబితే ఇంకా తికమక పడతాడా?

#15 తరగతిగది

మొదట బడి పద్ధతి కుదురుకోనివ్వండి. ఎందుకంటే "పావు తక్కువ ఐదు"లో వినబడేది ఐదు, రాయవలసింది నాలుగు. 4:50ని 5:50 అనే పిల్లవాడికి ఇది అదే గుంట. ముల్లు ఎటు ఉందో స్థిరపడ్డాక మాత్రం తప్పక చెప్పండి, దూకుళ్లకు అదే పునాది. 4:50 చూడగానే "ఐదుకు పది తక్కువ" అనగలిగేవాడు గీత గీయకుండానే లెక్క చేస్తాడు.

#16 కొత్తసభ్యుడు

ఒక మాట అడుగుతాను, కోపగించుకోవద్దు. ఈ రోజుల్లో ఫోను మీద 4:50 అని అంకెలే కనిపిస్తుంటే, ముళ్ల గడియారం ఇంత కష్టపడి నేర్పడం దేనికి?

#17 ఇద్దరు_పిల్లల_నాన్న

సమయం చదవడానికైతే అక్కర్లేదు, మీరన్నది నిజమే. "ఇంకా ఎంతసేపు" అన్నది చూడడానికి కావాలి. 4:50 అన్న అంకెల్లో ఐదుకు ఎంత దూరమో కనిపించదు, లెక్క వేయాలి. ముళ్ల గడియారంలో మిగిలిన ముక్క కళ్లెదుట ఉంటుంది. మా చిన్నవాడికి తీసివేతలు రావు, అయినా "పెద్ద ముల్లు ఇక్కడికి వచ్చేదాకా ఆడుకో" అంటే అర్థమవుతుంది.

ఇంకో సంగతి, ఈ దారంలో ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి 175 వచ్చిందని చూపించాడు కదా. ఫోను మీద, వర్క్‌షీట్ల మీద సమయాన్ని రాసే తీరే ఈ తప్పుకు దారి తీస్తుంది. కొందరు 11.15 అని చుక్కతో రాస్తారు. చుక్క చూడగానే దశాంశమే అనిపిస్తుంది, వందతో అప్పు తెచ్చుకోవడం సహజం. రెండు చుక్కలతో 11:15 అని రాయించండి, లేదా 11 గం. 15 ని. అనే రాయించండి.

దశాంశం తర్వాత కూడా వెంటాడుతుంది. మా అమ్మాయి 90 నిమిషాలను క్యాలిక్యులేటర్‌లో 60తో భాగించి 1.5 రాగానే "1 గంట 5 నిమిషాలు" అంది. 1.5 గంటలు అంటే గంటన్నర. 1.25 గంటలు అంటే 1 గంట 15 నిమిషాలు. 1.4 గంటలు 1 గంట 24 నిమిషాలు. చుక్క తర్వాత ఉన్నదాన్ని 60తో గుణిస్తే నిమిషాలు వస్తాయి. పెద్దవాళ్లు కూడా పనిగంటలు లెక్కకట్టేటప్పుడు 7 గంటల 30 నిమిషాలను 7.30 అని వేసి జీతం తగ్గించుకోవడం చూశాను.

#18 సందేహి

అసలు ఈ 60 ఎవరు పెట్టారండీ? 100 పెట్టి ఉంటే ఈ దారమే ఉండేది కాదు.

#19 కోణమాని

పెట్టి చూశారు! ఫ్రెంచి విప్లవ కాలంలో, 1793లో, రోజుకు 10 గంటలు, గంటకు 100 నిమిషాలు, నిమిషానికి 100 సెకన్లు అని చట్టం చేశారు. వాళ్ల ఒక గంట మన 144 నిమిషాలకు సమానం. అలాంటి గడియారాలు కూడా తయారుచేశారు. జనం అలవాటు పడలేదు. 1795లోనే అది తప్పనిసరి అన్న నిబంధనను పక్కన పెట్టేశారు. పొడవు, బరువుల విషయంలో మాత్రం పదుల పద్ధతి నిలిచింది, మీటరు, కిలోగ్రాము అప్పటివే.

60 సంగతి చాలా పాతది. మెసొపొటేమియాలో సుమేరియన్లు, వాళ్ల తర్వాత బాబిలోనియన్లు 60 ఆధారంగా లెక్కలు రాసుకునేవారు. గ్రీకు ఖగోళవేత్తలు దాన్ని తీసుకున్నారు, అక్కడి నుంచి గడియారానికి వచ్చింది. పగటిని 12 భాగాలు చేయడం ఈజిప్టు అలవాటు.

60కి ఒక సుఖం ఉంది: 1, 2, 3, 4, 5, 6, 10, 12, 15, 20, 30, 60, ఇన్నిటితో నిశ్శేషంగా భాగించవచ్చు. గంటలో మూడో వంతు అంటే నిండుగా 20 నిమిషాలు. 100 నిమిషాల గంటలో అయితే 33 నిమిషాలు, ఆ పైన ఎప్పటికీ తెగని ముక్క. పిల్లలకు భిన్నాలు చెప్పడానికి గడియారాన్ని మించిన బొమ్మ లేదని నా నమ్మకం. సగం, పావు, మూడో వంతు, పన్నెండో వంతు, అన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక ఆ ఊపులోనే ఒక పొడుపు: పన్నెండు గంటల వ్యవధిలో రెండు ముళ్లూ ఎన్నిసార్లు ఒకదాని మీద ఒకటి వస్తాయి?

#20 సందేహి

12 సార్లు కదా, గంటకోసారి.

#21 కోణమాని

11 సార్లే. 11 గంటల తర్వాత పెద్ద ముల్లు చిన్న ముల్లును అందుకునేసరికి పన్నెండు అయిపోతుంది. కలయికకూ కలయికకూ మధ్య 65 నిమిషాలు, ఆ పైన నిమిషంలో 11వ వంతులు 5. పాత గడియారం వెనక చక్రం తిప్పుతూ లెక్కపెట్టమనండి, పిల్లలు మనకంటే ముందే చెబుతారు.

#22 నిర్వాహకుడు

ముళ్ల పొడుపు కథలకు వేరే దారం తెరుద్దాం. ఇక్కడ ప్రాథమిక తరగతుల సంగతి కొనసాగించండి.

#23 నాలుగో_తరగతి_అమ్మ

24 గంటల పద్ధతి గురించి ఎవరైనా చెప్పరూ? సాయంత్రం 5 అంటే 17 అని చెబుతున్నాడు. మధ్యాహ్నం 12:30ని మాత్రం 24:30 అని రాశాడు. పీఎం అంటే 12 కలపాలి అని బడిలో చెప్పారట.

#24 తరగతిగది

నియమం ఒకటి నుంచి పదకొండు గంటలకే. మధ్యాహ్నం 1:00 నుంచి రాత్రి 11:59 వరకు 12 కలపాలి. మధ్యాహ్నం 12:30 ఎప్పటిలాగే 12:30. అర్ధరాత్రి దాటాక 12:30 అయితే 00:30. ఏఎం, పీఎం అక్షరాలతో పన్నెండు దగ్గర పెద్దవాళ్లు కూడా తడబడతారు. అందుకే అర్ధరాత్రి 12, మధ్యాహ్నం 12 అని తెలుగులో చెప్పడమే మేలు.

నియమం కంటే ముందు గోడ మీద ఒక పొడవాటి పట్టీ అంటించండి. ఎడమ చివర 0, కుడి చివర 24, మధ్యలో 12. దాని కింద నిద్ర, బడి, ఆట ఎక్కడ వస్తాయో పిల్లవాడే రాయాలి. 24:30 ఆ పట్టీ మీద ఎక్కడుందో వెతకమనండి. పట్టీ దాటి బయటికి పోతుంది!

తిరిగి మార్చడానికి ఒక చిట్కా: 12 తీసేయడం కష్టంగా ఉంటే 2 తీసి, ముందున్న 10 తీసేయాలి. 17లో 2 పోతే 15, పది పోతే 5. 21లో 2 పోతే 19, పది పోతే 9.

#25 విశ్రాంత_మాస్టారు

అర్ధరాత్రి దాటే లెక్కలు ఇక్కడ చెప్పాలి. రైలు 22:50కి బయలుదేరి మర్నాడు 6:20కి చేరింది. పిల్లలు 22:50 లోంచి 6:20 తీసేస్తారు, 16 గంటల 30 నిమిషాలు అంటారు. పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీయాలన్న అలవాటు. మర్నాటి సమయానికి 24 కలపండి, 30:20. అది 29:80 అవుతుంది. 22:50 తీస్తే 7 గంటల 30 నిమిషాలు.

గీత మీద అయితే 22:50 నుంచి 23:00కి 10 నిమిషాలు, అర్ధరాత్రికి 1 గంట, ఆరుకు 6 గంటలు, ఆ పైన 20 నిమిషాలు. ఇదీ 7 గంటల 30 నిమిషాలే. ఈ లెక్కకు గీతే హాయిగా ఉందని ఒప్పుకుంటున్నాను, తరగతిగది గారూ. వ్యవధులు కూడేటప్పుడు మాత్రం నిలువు పద్ధతిని వదలకండి. 1:45, 2:35, 0:50 కూడితే 3 గంటల 130 నిమిషాలు. 130లో రెండు అరవైలు పోతే మిగిలింది 10. జవాబు 5 గంటల 10 నిమిషాలు. ముందు అన్నీ కూడి, చివర్లో ఒకేసారి గంటలుగా మార్చడం నేర్పండి.

#26 ఇద్దరు_పిల్లల_నాన్న

క్యాలెండర్ లెక్కల్లో కూడా ఒక కిటుకు ఉంది, పుస్తకాలు సరిగా చెప్పవు. "శిబిరం 5వ తేదీ నుంచి 12వ తేదీ వరకు. ఎన్ని రోజులు?" 12 లోంచి 5 తీసి 7 అంటారు. రెండు చివరి రోజులూ శిబిరం ఉంది కాబట్టి 8. రాత్రులు అడిగితే 7. "5న నాటిన విత్తనం 12న మొలిచింది, ఎన్ని రోజులకు?" అంటే మళ్లీ 7. లెక్కపెడుతున్నది రోజులనా, రోజుల మధ్య ఖాళీలనా అని పిల్లలు చూసుకోవాలి. వేళ్లు మడిచి లెక్కపెట్టించండి, మొదటి వేలు మడవాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న.

లీపు సంవత్సరం గురించి ఒక్క మాట. నాలుగుతో భాగింపబడితే చాలని నేర్పుతారు. వందలతో ముగిసే ఏడాది 400తో కూడా భాగింపబడాలి. 2000 లీపు సంవత్సరమే, 1900 కాదు, 2100 కాబోదు.

#27 నాలుగో_తరగతి_అమ్మ

ఇవన్నీ ఒక పుస్తకంలో రాసుకున్నాను. ఇప్పుడు దూకుళ్లు గీత లేకుండానే చేస్తున్నాడు, "ఎప్పుడు", "ఎంతసేపు" అని అంకెల కింద తానే రాసుకుంటున్నాడు.

చివరగా ఒకటి. వాళ్ల పుస్తకంలో నక్షత్రం గుర్తు వేసిన లెక్క: "ఒక గడియారం గంటకు 5 నిమిషాలు ముందుకు పోతుంది. ఉదయం 8 గంటలకు సరిచేశారు. మధ్యాహ్నం అది 2:30 చూపించినప్పుడు అసలు సమయం ఎంత?" వాడు ఆరున్నర గంటలకు ముప్పై రెండున్నర నిమిషాలు తీసేసి 1 గంట 57 నిమిషాల 30 సెకన్లు అన్నాడు. వెనక జవాబు 2:00 అని ఉంది. నాకూ వాడిదే సరైనదిగా కనిపిస్తోంది.

#28 తరగతిగది

ఆరున్నర గంటలు గడిచినట్టు చెబుతున్నది ఆ తప్పుడు గడియారమే కదా. 5 నిమిషాలు ముందుకు పోయేది అసలు గంటకు. రెండు వరసల పట్టిక వేయమనండి. అసలు సమయం 9:00 అయితే అది 9:05 చూపిస్తుంది. 10:00కి 10:10. 11:00కి 11:15. 12:00కి 12:20. 1:00కి 1:25. 2:00కి 2:30. అక్కడ ఆగండి.

పట్టిక అయ్యాక దారి కూడా చూపించవచ్చు: అసలు 60 నిమిషాలకు అది 65 చూపిస్తుంది. 8:00 నుంచి 2:30 వరకు దాని మీద 390 నిమిషాలు. 390లో 65లు ఆరు. కాబట్టి గడిచినవి ఆరు గంటలు. నాలుగో తరగతికి పట్టిక చాలు.

#29 కోణమాని

గంటకు 5 నిమిషాలు వెనకబడే గడియారంతో ఇదే లెక్క ఇవ్వండి. ఉదయం 8కి సరిచేస్తే, అది మధ్యాహ్నం 1:30 చూపించేటప్పుడు అసలు సమయం ఎంత?

#30 నాలుగో_తరగతి_అమ్మ

పట్టిక వేసి చెప్పాడు, 2:00. సరేనా?

#31 కోణమాని

సరే.